కూర్చోబెట్టిన రెండేళ్ళు

పదకొండో ఏట నాకు కీళ్ళవాత జ్వరం వచ్చింది. మోకాళ్ళని పట్టి, చీలమండల్ని పట్టి, చివరికి గుండెని కూడా తాకింది. ఆ జ్వరం నుంచి ఆరేడు నెలల్లో తేరుకున్నాను. ఆ తరవాత పట్టుకున్న దిగులు నుంచి తేరుకోడానికి ఇంకో ఏడాది పైనే పట్టింది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పెళ్ళయ్యాక కూడా వేయించుకున్నాను. గుండెలో చిన్న చప్పుడు ఉండిపోయింది, దానితోనే ఇద్దరు పిల్లల్ని కని పెంచాను. ఇప్పటికీ ఏ ఆసుపత్రి వరండాలోనైనా ఒక తల్లి పిల్లని ఒళ్ళో అదిమిపట్టుకుని "కదలకు" అంటూంటే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. వెళ్ళి ఏదో చెప్పాలనిపిస్తుంది. అప్పటికప్పుడు నోరు రాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది ఆమదాలవలసకి రెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊరు. నాన్నకి నాలుగెకరాల పల్లం, కొంచెం మెట్ట ఉండేవి. పల్లంలో వరి, మెట్టలో గోగు, చోళ్ళనే రాగులు. అమ్మకి నా ముందు ఇద్దరు పుట్టి, ఏడాది నిండకుండానే పోయారు. మిగిలింది నేనొక్కదాన్ని. పేరు అప్పలనరసమ్మ, అందరికీ నరస.

నాకు చదువు మామూలు, పాట అసలు రాదు. రంగులో, రూపంలో నన్ను చూసి ఎవరూ ఆగేవారు కాదు. కాని పరుగులో మా ఊళ్ళో మగపిల్లలు కూడా నా వెనకే. నాన్నకి పొలానికి అంబలి ముంత తీసుకెళ్తే చుక్క తొణకకుండా గట్ల మీద పరిగెత్తేదాన్ని. "దీన్ని పట్టుకోడానికి గుర్రం కావాలి" అని నాన్న పక్క పొలం వాళ్ళతో అనేవాడు. ఆ మాట వినడం కోసమే నేను మరీ వేగంగా వెళ్ళేదాన్ని. నేనెవరినని అడిగితే, ఆ వయసులో, పరిగెత్తేదాన్ని అనే చెప్పి ఉండేదాన్ని.

అరవై ఏడులో ఊడుపుల కాలం. ముందు గొంతు నొప్పి వచ్చింది. మిరియాల కషాయం తాగితే తగ్గింది. మూడు వారాలు పోయాక ఒక ఉదయం మంచం మీంచి లేవబోతే కుడి మోకాలు లేవలేదు.

"ఒసే నరసా, తెల్లారిపోనాది, లెగవే" అని అమ్మ వచ్చి దుప్పటి లాగింది. నేను అరిచిన అరుపుకి నాన్న పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏటయిందే?"

"కాలు ముట్టుకోకే అమ్మా. దుప్పటి తగిల్తేనే సచ్చిపోతన్నాను."

మర్నాటికి కుడి మోకాలు తగ్గి ఎడమ మోకాలు వాచింది. ఆ మర్నాడు చీలమండ, తరవాత మోచెయ్యి. నొప్పి నా ఒంట్లో ఇల్లు మారుతూ తిరిగింది. ఊళ్ళో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు వేపాకు కట్టమన్నారు. అమ్మ అన్నీ చేసింది. పదో రోజున నాకు ఆయాసం మొదలైతే నాన్న బండి కట్టి, అమ్మనీ నన్నూ ఆమదాలవలసలో బస్సెక్కించి, శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఆసుపత్రి వరండా నిండా జనం. తడిసిన గొడుగుల వాసన, ఫినాయిలు వాసన కలిసిపోయి ఉన్నాయి. నాన్న నన్ను భుజాన వేసుకుని గంటన్నర నిలబడ్డాడు. బల్ల మీద కూర్చున్న ఒక ముసలమ్మ తన మూట తీసి కింద పెట్టి, తనూ కింద కూర్చుంది. "గుంటని పడుకోబెట్టు నాయనా. నాకు బల్లైతేనేటి, నేలైతేనేటి" అంది. ఆమెకి కూడా జ్వరమే. ఒళ్ళు వణుకుతోంది. ఆమె పేరు అడగాలని మాకెవరికీ తోచలేదు.

డాక్టరు గారు నా ఛాతీ మీద చల్లటి గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. అంతసేపు వింటుంటేనే భయం వేసింది. తరవాత నాన్నతో నెమ్మదిగా చెప్పారు. "గుండెకి కూడా తగిలింది. ఇక్కడే ఉంచండి. మంచం దిగకూడదు. కొన్ని నెలలు పట్టొచ్చు."

అమ్మ ఆ మాటల్లో "గుండె" ఒక్కటే విన్నది. గోడకి జారబడి కూర్చుండిపోయింది.

మాత్రలు ఎన్నని మింగేదాన్నో లెక్కలేదు. వాటికి చెవుల్లో రాత్రింబవళ్ళు కీచురాళ్ళు అరిచేవి. తుంటికి వేసే సూదికి రెండు రోజులు కాలు బరువెక్కి ఉండేది. ఇంతకంటే జబ్బు గురించి నాకు తెలిసింది లేదు. నాకు బాగా తెలిసింది పక్క మంచం.

పక్క మంచం మీద ఎర్రమ్మ. నాకంటే మూడేళ్ళు పెద్దది. సముద్రపొడ్డున చేపలు పట్టే పల్లెవాళ్ళ పేట నుంచి వచ్చింది. నా జబ్బే ఆమెకీ. కాని ఆమె వెల్లకిలా పడుకోలేకపోయేది, వీపు వెనక దిళ్ళు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. పాదాలు వాచి మెరుస్తూండేవి. అయినా ఆ వార్డులో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆమే.

"వల లాగేటప్పుడు మొగోళ్ళతో సమానంగా తాడు పట్టీదాన్ని తెలుసా? ఇసకలో మడమలు కూరుకుపోయీవి. మరి నువ్వేటి సేసీదానివి?"

"పరిగెత్తీదాన్ని."

"పరిగెత్తీదాన్నంతావేటి? పరిగెడతానను. నీ కాళ్ళు ఎవులు పట్టుకుపోనారు?"

ఆమె తల్లి ఎండుచేపలు అమ్ముకునే మనిషి. సంత లేని రోజున వచ్చి మా ఇద్దరి తలలూ దువ్వి జడలు వేసేది. మా అమ్మ మొదట్లో చేపల వాసనకి ముక్కు తిప్పుకునేది. వారం తిరిగేసరికి ఇద్దరూ ఒకే గిన్నెలో గంజి తాగుతూ, వరండాలో ఒకే చాప మీద పడుకునేవారు.

అక్టోబరులో ఒక ఉదయం నిద్రలేచేసరికి పక్క మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఎర్రమ్మ ఏదని అడిగాను.

"బాగయిపోనాది. ఇంటికెల్లిపోనాది" అంది అమ్మ, మొహం అటు తిప్పుకుని.

నాకు చెప్పకుండా వెళ్ళిపోయిందని ఎర్రమ్మ మీద కోపం వచ్చింది. ఆ కోపం ఏడాది దాచుకున్నాను.

నవంబరులో నన్ను ఇంటికి పంపారు. మూడు నెలలు మంచం మీదే ఉండమన్నారు, ఉన్నాను. ఫిబ్రవరిలో ఇంట్లో నడవొచ్చన్నారు. మొదటి రోజు మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచేసరికి నా కాళ్ళు నావిలా లేవు. సన్నగా, తెల్లగా, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టున్నాయి. నాన్న గుమ్మం దగ్గర చేతులు చాచి నిలబడ్డాడు, పసిపిల్లకి నడక నేర్పినట్టు. నాకు సంతోషం వేయాలి. సిగ్గు వేసింది.

అరవై ఎనిమిది జూన్‌లో మళ్ళీ బళ్ళో చేర్చారు. ఒక ఏడాది పోయింది, నాతో చదివినవాళ్ళు పై తరగతిలో ఉన్నారు. ఆమదాలవలస దాకా రెండు మైళ్ళు నడవడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాన్న బండి మీద దింపేవాడు, లేని రోజు బడి లేదు. డ్రిల్లు మాష్టారు మంచి మనిషి. ఆయన మంచితనంతోనే నన్ను రేకుల పాక నీడన కూర్చోబెట్టి, ఆడుకునే పిల్లల గాజులు, రిబ్బన్లు, చెప్పులు నాకు అప్పజెప్పారు.

"నువ్వు ఇవి కాపలా కాయి తల్లీ. ఇదీ పనే కదా" అన్నారు.

రోజూ ఒక గంట అలా కూర్చునేదాన్ని. మొదట్లో ఎవరు బాగా పరిగెడుతున్నారో చూసేదాన్ని. తరవాత చూడటం మానేసి చెప్పులు లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు ఖోఖోకి ఒక పిల్ల తక్కువైంది. "నరస ఉన్నాది కదా" అంది ఒకత్తె. "అదా? దానికి గుండెజబ్బు. అది కూకోడానికే పనికొస్తాది" అంది ఇంకొకత్తె. తిట్టినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. అందుకే అది లోపలికి దిగిపోయింది.

అప్పట్నుంచి నేను తరగతిలో కూడా చెయ్యెత్తలేదు. జవాబు తెలిసినా ఎత్తలేదు. లెక్కలు వచ్చినవి కూడా రావడం మానేశాయి. పరుగుకీ లెక్కలకీ ఏం సంబంధమని మీరడగొచ్చు. నేనూ చాలా ఏళ్ళు అడుక్కున్నాను. కాలు తనది కానప్పుడు పిల్లకి నోరు కూడా తనది కాదేమో. నడిచేటప్పుడు తల దించుకునేదాన్ని, ఎవరైనా పిలిస్తే ముందుగానే తప్పు చేసినదానిలా నిలబడేదాన్ని.

ఇంట్లో అమ్మ నన్ను నీళ్ళ చెంబు ఎత్తనిచ్చేది కాదు. గట్టిగా నవ్వితే "నవ్వకే, ఆయాసం వొస్తాది" అనేది. ఆ వానాకాలంలో నాన్న ఊళ్ళో లేని ఒక రోజు పరీక్ష ఉందని అమ్మే బడికి తీసుకెళ్ళింది. దారిలో ఉన్న గెడ్డ వాగుకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. బడికి వెళ్ళే పిల్లలందరూ లంగాలు ఎత్తి పట్టుకుని, నవ్వుకుంటూ ఆ నీళ్ళు దాటుతున్నారు. అమ్మ నా ముందు వంగి, "ఎక్కు" అంది.

"నేను నడుస్తానే అమ్మా."

"ఎక్కవే అంతన్నాను."

పన్నెండేళ్ళ దాన్ని, మా తరగతి పిల్లలందరూ చూస్తుండగా అమ్మ వీపు మీద గెడ్డ దాటాను. మొహం ఆమె మెడలో దాచుకున్నాను. అవతలి ఒడ్డున దింపాక చూస్తే అమ్మకే ఆయాసం వస్తోంది. ఆమె మీద జాలి వేయలేదు ఆ రోజు. అసహ్యం వేసింది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనక్కి లాగుతోంది.

డిసెంబరులో సూదికి వెళ్ళినప్పుడు అమ్మా నేనే వెళ్ళాం. డాక్టరు గారు గొట్టంతో విని, నాడి చూసి, నవ్వారు. "చాలా బాగుంది. ఇక దీన్ని కట్టేసి ఉంచొద్దమ్మా. నడవనివ్వు. నెమ్మదిగా ఆడుకోనివ్వు. సూది మాత్రం మానొద్దు."

నా గుండె ఎగిరింది. బయటికి రాగానే "అమ్మా, రేపట్నుంచి నడిచే వెళ్తానే" అన్నాను.

అమ్మ వరండా మెట్ల మీద ఆగిపోయింది. "ఆ బాబుకేటి, ఎయ్యి మందిని సూత్తారు. నాకు నువ్వొక్కత్తివే. ఎర్రమ్మ కూడా ఎర్రగా ఉన్నాది, నవ్వుతా ఉన్నాది. ఏటయినాది?"

"ఏటయినాది?"

అనకూడని మాట నోరుజారిందని అమ్మకి తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సచ్చిపోనాదే. ఆ రాతిరే సచ్చిపోనాది. ముందోసారి జొరం తగ్గి ఇంటికెల్లాక బుట్టలు మోసిందంట, తాళ్ళు లాగిందంట. గుండె ఆగిపోనాది."

బస్సెక్కి ఇంటికి వచ్చాం. ఎర్రమ్మ మీద ఏడాదిగా దాచుకున్న కోపం ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

అప్పట్నుంచి అమ్మ నాకు కాపలా కాయనక్కర్లేకపోయింది. నేనే కాసుకున్నాను. నాలుగడుగులు వేస్తే ఆగి మణికట్టు పట్టుకుని చూసుకునేదాన్ని. పెరట్లోకి వెళ్ళడం మానేశాను. సంక్రాంతి సెలవులయ్యాక బడికి కూడా వెళ్ళనన్నాను. అమ్మ సరేనంది. ఆ విషయం మీద నాన్నకీ అమ్మకీ పెద్ద గొడవైంది. నాన్న ఇంట్లో తిండి మానేసి రెండు రోజులు కళ్ళం దగ్గరే ఉండిపోయాడు.

మూడో రోజు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. "నరసా, మెట్టలో పెసర పూసినాది. బండి కడతాను, సూసొద్దుము రా."

"నానొచ్చి ఏటి సేస్తాను నాన్నా?"

"ఏటీ సెయ్యొద్దు. సూద్దువుగాని."

"నాను దేనికీ పనికిరాను కదా. ఎర్రమ్మకి బదులు నాను పోతే బాగుణ్ణు. అది తాడైనా లాగీది."

నేను ఎన్నడూ చూడనిది, నాన్న కళ్ళమ్మట నీళ్ళు, చూశాను. లేచి వంటింట్లోకి వెళ్ళాడు. "ఒసే, రేపు ముగ్గురం శ్రీకాకుళం ఎల్తన్నాం. సూది రోజు కాపోయినా ఎల్తన్నాం" అన్నాడు. అమ్మ ఎందుకని అడగలేదు. నా మాట ఆమె కూడా విన్నది.

మర్నాడు డాక్టరు గారు మమ్మల్ని అందరికంటే చివర పిలిచారు. నాన్న తిన్నగా అడిగేశాడు. "బాబూ, ఎర్రమ్మ అని ఓ పల్లెగుంట మా పక్క మంచం మీద ఉండీది. అదెందుకు సచ్చిపోనాదో సెప్పండి. ఆ బయ్యంతో నా ఇంట్లో ఇద్దరు సచ్చిపోతన్నారు."

డాక్టరు గారు అమ్మ వంక చూశారు. కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"ఆ పిల్ల నాకు బాగా గుర్తుందమ్మా. మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు నీ కూతురికంటే బాగానే ఉంది. ఇంటికెళ్ళాక సూది మానేశారు. పేట నుంచి ఇక్కడికి రావాలంటే వాళ్ళకి ఒక రోజు కూలి పోతుంది. జ్వరం మళ్ళీ వచ్చింది. మళ్ళీ మానేశారు, మూడోసారి వచ్చింది. ప్రతిసారీ గుండె కొంత కొంత పాడైంది. ఒంట్లో జ్వరం ఉండగానే బుట్టలు మోసింది. మీరు ఒక్క సూది మానారా?"

"నేదు బాబూ."

"మరి ఈ పిల్లకి జ్వరం మళ్ళీ వచ్చిందా?"

"నేదు."

"నాకు వినబడే చప్పుడు చిన్నది. అందరు పిల్లలకీ ఇలా చెప్పను. దీనికి చెబుతున్నాను." ఆయన నా వైపు తిరిగారు. "వరండా మెట్లు ఎన్నున్నాయమ్మా?"

"తెలీదండి."

"నాలుగుసార్లు ఎక్కి దిగి రా. అమ్మ పక్కనే ఉంటుంది."

నేను అమ్మ వంక చూశాను. అమ్మ లేచి నా పక్కకి వచ్చింది. నాన్న తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎక్కాను, దిగాను. రెండోసారికి పిక్కలు లాగాయి, నాలుగోసారికి ఊపిరి వేగంగా వచ్చింది. చనిపోతున్నానేమో అనుకున్నాను. డాక్టరు గారు అమ్మ చేతిని తీసి నా ఛాతీ మీద పెట్టారు.

"కొట్టుకుంటోందా?"

"గట్టిగా కొట్టుకుంతన్నాది బాబూ."

"చెయ్యి తియ్యకు. అలాగే ఉంచు."

అమ్మ అరచెయ్యి చల్లగా ఉంది. దాని కింద నా గుండె మెల్లమెల్లగా నెమ్మదించింది. మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అమ్మ మొహం అప్పుడు మారింది. ఏడ్చింది కూడా, కాని అది ఎర్రమ్మ కోసమేమో. ఏడాది పైగా ఆమె కోసం అమ్మ నా ముందు ఏడవలేకపోయింది కదా.

మర్నాడు పొద్దున్నుంచి నడక మొదలుపెట్టాం. కాలవ గట్టు మీద, అమ్మా నేనూ. మొదటి వారం అమ్మ నా మణికట్టు వదల్లేదు. రెండో వారం కొంగు పట్టుకోమంది. మార్చి వచ్చేసరికి ఆమె వెనకబడటం మొదలుపెట్టింది. "ఒసే ఆగవే, నానేటి నీయంత దాన్నా?" అని అరిచేది. ఆ అరుపు వింటే నాకు ఎంత బలం వచ్చేదో. నాన్న తేలికపాటి పనులు చెప్పేవాడు, ఒక తట్ట, ఒక చెంబు, తరవాత ఒక బిందె. బిందె నింపి తెచ్చిన రోజు తలుపు దగ్గర ఎవరైనా చూస్తున్నారేమోనని వెతికాను. ఏడాదిన్నర తరవాత నన్ను ఎవరైనా చూడాలనిపించడం అదే మొదలు.

ఎప్పుడూ బాగుండేది కాదు. కొన్ని రోజులు భయం మళ్ళీ వచ్చేది, గట్టు మధ్యలో కూర్చుండిపోయేదాన్ని. అప్పుడు అమ్మా కూర్చునేది. లెమ్మని తొందర పెట్టేది కాదు.

అరవై తొమ్మిది జూన్‌లో బళ్ళు తెరిచారు. అమ్మా నేనూ నడిచే వెళ్ళాం. డ్రిల్లు గంటకి అలవాటుగా నేను రేకుల పాక వైపు నడిచాను. పిల్లలు అలవాటుగా గాజులు తీసి నా ముందు పెట్టారు. అప్పటిదాకా గేటు దగ్గర నిలబడి ఉన్న అమ్మ లోపలికి వచ్చేసింది. బడి లోపల ఆమె అడుగు పెట్టడం అదే మొదటిసారి. తలమీద కొంగు సర్దుకుని మాష్టారి ముందు నిలబడింది.

"బాబూ, దీన్ని ఆడనియ్యండి."

మాష్టారు తడబడ్డారు. "గుండెజబ్బు పిల్ల కదమ్మా. రేపు ఏదైనా అయితే నేను ఏం సమాధానం చెప్పను?"

"డాక్టరుబాబు ఆడమన్నారు. నాకు వినబడేటట్టు సెప్పినారు. ఆయాసం వొస్తే అదే కూకుంతాది, దానికి తెలుసు. ఏటైనా అయితే సమాదానం సెప్పుకోవలిసింది నాను. తల్లిని నాను." అంతవరకు ధైర్యంగా అని, గొంతు తగ్గించింది. "రెండేళ్ళు కూకోబెట్టినాను బాబూ. అది నా తప్పు. మీరు సెయ్యకండి."

మాష్టారు నన్ను చూశారు. ఈల ఊది, ఖోఖో జట్టులో నా పేరు పిలిచారు.

నేను గొప్పగా ఆడలేదు. నాకు పాత పరుగు రాలేదు, ఆ తరవాత ఎన్నడూ రాలేదు. బరిలోకి దిగి ఇరవై అంగలు వేశానో లేదో, వెనక నుంచి ఒక చెయ్యి నా వీపు మీద ఛెళ్ళున పడింది. "అవుట్!" అని అందరూ అరిచారు. బయటికి వచ్చి అవుటైన పిల్లల వరసలో రొప్పుతూ కూర్చున్నాను. నేను కూకోడానికే పనికొస్తానన్న పిల్లే జరిగి చోటిచ్చింది. నా మీద మండిపడింది.

"అలగ తిన్నగా పరిగెడతారేటే? వొంపు తిరగాల. నీ వల్లే ఒకటి పోనాది మనకి!"

రెండేళ్ళలో నన్ను తిట్టిన మొదటి పిల్ల అది. "మనకి" అంది. నేను తల వంచుకుని నవ్వాపుకున్నాను.

అమ్మ గేటు దగ్గరే ఉంది. ఆట జరుగుతున్నంతసేపూ రోడ్డు వైపు తిరిగి నిలబడిందని తరవాత చెప్పింది, చూడలేక. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే నా మణికట్టు పట్టుకోలేదు, ఆయాసం వచ్చిందా అని అడగలేదు. చాలా దూరం వచ్చాక అడిగింది.

"ఓడిపోనావేటి?"

"ఓడిపోయానే అమ్మా. దిగీ దిగగానే అవుటైపోయాను."

అమ్మ నాతో అడుగు కలిపింది.

"పోనీలే. రేపు సూసుకుని ఆడు" అంది.

జబ్బు పడ్డ రోజు నుంచి ఆ సాయంత్రం దాకా ఆమె నోట రేపనే మాట నేను వినలేదు.